కావ్యనాయిక నోటి మాట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

మనుచరిత్రలోని వరూధినికి అన్యాయం జరిగిందని గత సంచికలో నాలుగు వాక్యాలు రాశాను. ఆమె ఒకప్పుడు కాదన్న గంధర్వుడే, ఆమె మనసు పడిన ప్రవరుడి రూపం ధరించి వచ్చి ఆమెను పొందాడనీ, మనం ఆ ఘట్టాన్ని చమత్కారంగా చదివి దాటిపోతున్నామనీ నా బాధ. దాని మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాను.

అమ్మా, నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ప్రబంధం పాఠం మధ్యలో ఒక విద్యార్థిని లేచి, ‘ఈ కావ్యాల్లో ఆడవాళ్ళు చూడటానికే ఉన్నారా, మాట్లాడటానికి లేరా?’ అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మీరైతే ఏం చెప్పేవారు? (ఒక అధ్యాపకురాలు, కావలి)

ఆ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. కురుల నుంచి కాలిగోళ్ళ దాకా నాయికను వర్ణించడం మన కావ్యాల్లో ఒక కట్టుబాటు. ఆ వర్ణన ఎవరి కోసం జరిగిందో గుర్తు పెట్టుకోకపోతే దాని స్వభావం మనకు అర్థం కాదు. కావ్యం రాజసభలో చదివేవారు. వినేది రాజు, మంత్రులు, పండితులు. కావ్యాన్ని కూడా వాళ్ళు ఒక కన్యగానే భావించారు. కవి ఆ కన్యకు తండ్రి, అంకితం పుచ్చుకొనేవాడు వరుడు. మన నెల్లూరు సంగతే చూడండి. నిర్వచనోత్తర రామాయణం అవతారికలో, అంటే పీఠికలో, మనుమసిద్ధి మహారాజు తిక్కనను, నిన్ను నేను మామా అని పిలుస్తున్నాను గనుక ఆ పిలుపుకు తగ్గట్టు నీ ‘భారతీకన్యక’ను నాకు ఇమ్మని అడుగుతాడు. ఎంతో ఆప్యాయమైన మాట అది. చదివినప్పుడల్లా నాకు ఇష్టంగానే ఉంటుంది. అయినా ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ మాట్లాడుకొంటున్న ఆ చోట కన్య నోటి నుంచి మాట రాదని గమనించాలి. పోతనదిగా చెప్పుకొనే ‘బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్’ పద్యం ఆ కన్యను కూళలకు ఇవ్వనని రోషపడుతుంది. ఆ రోషం కూడా తండ్రిదే.

ఇదంతా చెప్పిన తర్వాత మీ విద్యార్థినికి నేను వరూధిని మొదటి మాటలు చదివి వినిపిస్తాను. హిమాలయంలో దారి తప్పిన ప్రవరుడు ‘ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ’ అని మొదలుపెట్టి ఊరికి దారి అడుగుతాడు. భయపడిన లేడి కన్నులున్నదానా అని పిలిచిన ఆ మనిషికి ఆమె ఇచ్చిన జవాబు ‘ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర’. అంతంత కళ్ళు పెట్టుకొని దారి ఎవరిని అడుగుతున్నావయ్యా, ఒంటరిగా ఉన్న పడుచులను పలకరించడానికి ఒక సాకు కాకపోతే, అని ఆమె నిలదీస్తుంది. అతను ఆమె కళ్ళను వర్ణించాడు. ఆమె అతని కళ్ళనే పట్టుకొంది. అంతవరకూ చూడబడుతున్న మనిషి ఒక్క పద్యంతో చూసే మనిషి అయింది. అల్లసాని పెద్దన ఆ శక్తిని ఆమెకు ఇచ్చాడు. కథ మాత్రం మాయాప్రవరుడి వైపు తిరిగిపోయింది, ఎందుకంటే స్వారోచిష మనువు పుట్టాలంటే ముందు అతని తండ్రి స్వరోచి ఆమెకు పుట్టాలి. వంశం కోసం ఆమె ఇష్టాన్ని మోసంతో దాటేశారు. కవి ఇచ్చిన గొంతు, కథ తీసుకొన్న హక్కు రెండూ ఒకే కావ్యంలో ఉన్నాయి. తరగతిలో రెండింటినీ చెప్పండి.

అమ్మా, మాది నెల్లూరు మూలాపేట. తిక్కన సోమయాజికి అంకితమైన పుస్తకమని గౌరవంతో కేతన దశకుమారచరిత్రము తెప్పించుకొని చదివాను. అందులో ‘క్రూరమైనదేది? స్త్రీ హృదయం’ అన్న చోట పుస్తకం మూసేయాలనిపించింది. మన ఊరి మహాకవి చేతుల్లో పెట్టిన గ్రంథంలో ఈ మాట ఎలా ఉంది? (ఒక గృహిణి, నెల్లూరు)

పుస్తకం మూయకుండా ఆ తర్వాతి మూడు కథలు కూడా చదవమని ముందుగా వేడుకొంటున్నాను. ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గా సమాధానం చెప్పాలి.

మూలం దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితం. 13వ శతాబ్దంలో కేతన దానిని తెలుగు పద్యాల్లోకి తెచ్చి తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండి అన్న పేరు తెచ్చుకొన్నాడు. తిక్కన కుటుంబాన్ని గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలా భాగం ఆ కావ్యం అవతారిక నుంచే వచ్చాయి. మీకు బాధ కలిగించిన చోట మాట్లాడుతున్నవాడు మిత్రగుప్తుడు. అతన్ని ఒక బ్రహ్మరాక్షసుడు పట్టుకొని, నా ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే మింగేస్తానంటాడు. ప్రశ్నలు నాలుగు. క్రూరమైనదేది? స్త్రీ హృదయం. గృహస్థుకు ప్రియమూ హితమూ ఏవి? భార్య గుణాలు. కామమంటే ఏమిటి? సంకల్పం. చేయశక్యం కానిదాన్ని సాధించేదేది? ప్రజ్ఞ. ప్రతి జవాబుకూ రుజువుగా ఒక్కొక్క స్త్రీ కథ వస్తుంది: ధూమిని, గోమిని, నింబవతి, నితంబవతి. చెప్పేవాడు పురుషుడు, వినేవాడు రాక్షసుడు, చెప్పకపోతే ప్రాణం పోతుంది. నలుగురు స్త్రీల బతుకులు అక్కడ ఒక మగవాడి ప్రాణానికి వెలగా లెక్కకు వచ్చాయి.

ధూమిని కథ భయంకరమైనది. పన్నెండేళ్ళ కరువులో మనుషులు మనుషులను తింటున్నప్పుడు, ఆమె వంతు వచ్చే ముందు భర్త ఆమెను భుజాన వేసుకొని రాత్రికి రాత్రి పారిపోయి, తన రక్తమాంసాలతో ఆమె ఆకలిదప్పులు తీర్చి బతికిస్తాడు. తర్వాత ఆమె కాళ్ళూ చేతులూ తెగిన మరొక మనిషి మీద మోజుపడి ఆ భర్తనే నూతిలోకి తోస్తుంది. ఆమె చేసింది క్రూరమే, కాదనను. కానీ అదే కథలో అంతకుముందు కరువు ఇంట్లో వరుసగా ఎవరిని చంపుకొని తిన్నారో గుర్తు చేసుకోండి. మేకలు, గేదెలు, దాసదాసీలు, బిడ్డలు, ఆ తర్వాత పెద్దవాడి భార్య, నడిమివాడి భార్య. ఆ వండుకొని తిన్న చేతుల గురించి రాక్షసుడు ప్రశ్న అడగలేదు, మిత్రగుప్తుడు చెప్పలేదు. కథ మాత్రం ఆ వరుసను దాచలేదు.

గోమిని కథ నాకు ప్రాణం. ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ వడ్లు దంచిన ఇంటి వాసన వచ్చినట్టుండేది. కాంచీపురం వర్తకుడి కొడుకు శక్తికుమారుడు తగిన భార్య కోసం, ప్రస్థం (ఒక పాతకాలపు కొలత) వడ్లు కొంగున కట్టుకొని, జోస్యుడి వేషంలో ఊళ్ళు తిరుగుతాడు. ఈ వడ్లతోనే నాకు పూర్తిగా భోజనం పెట్టగలవా అని అడిగితే అందరూ నవ్వి వెళ్ళగొడతారు. కావేరి ఒడ్డున, ఆస్తి చితికిపోయిన ఇంటిలో ఒక పిల్ల ఒప్పుకొంటుంది. వడ్లను ఎండబెట్టి, ఊక చితక్కుండా మెల్లగా నలిపి బియ్యం విడదీస్తుంది. ఆ ఊక నగలు మెరుగు పెట్టడానికి కంసాలులకు పనికొస్తుందని తెలిసి అమ్మించి, వచ్చిన కాసులతో కట్టెలు, కుండ, మూకుళ్ళు తెప్పిస్తుంది. అన్నం వండాక నిప్పులు చల్లార్చి ఆ బొగ్గులు అమ్మించి, కూరగాయలు, నెయ్యి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు సంపాదిస్తుంది. తలంటుకు నూనె, ఉసిరిక ఇచ్చి, అరటి ఆకులో ముందు గంజి, తర్వాత నేతితో అన్నం, చివరికి పెరుగు, వాసన కట్టిన చల్లని నీళ్ళు. మొలగొలుకుల బియ్యం పండించిన మన జిల్లాలో ఊక, తవుడు, నూకల విలువ తెలియని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఆ పిల్ల లెక్క మన అమ్మమ్మలకు వెంటనే అర్థమయ్యే లెక్క. ఆ కాలపు కావ్యనాయికల్లో చేతిపనితో, తెలివితో కనబడే మనిషిగా గోమినిని మించినవాళ్ళు నాకు కనిపించలేదు. అందుకే ఆ తర్వాత జరిగేది చదివితే మనసు చివుక్కుమంటుంది. పెళ్ళయ్యాక అతను ఒక వేశ్యను ఇంటికి తెస్తాడు; గోమిని ఆమెను చెలికత్తెగా చూసుకొంటూ భర్తను దైవంలా కొలుస్తుంది; అప్పుడు ఇంటి పెత్తనమంతా ఆమెకు అప్పగిస్తాడు. వడ్ల పరీక్షలో ఆమె నెగ్గింది. రెండో పరీక్షకు ఆమెను పిలిచి అడిగినవాళ్ళు లేరు.

మూడో కథలో రత్నవతి అనే వధువును భర్త బలభద్రుడు మొదటి నాళ్ళలోనే అసహ్యించుకొని దగ్గరకు రానివ్వడు. లోకం ఆమెను నింబవతి అని, వేపచేదు అని ఎగతాళి చేస్తుంది. ఆమె ఒక ముసలి సన్యాసిని సాయంతో, పొరుగింటి కనకవతినన్న భ్రమ కల్పించి అతనికి కనిపిస్తుంది. అతను పిచ్చిగా ప్రేమించి ఆమెతో ఊరు విడిచి వెళ్ళిపోతాడు. వేపచేదైన భార్య పొరుగింటి పిల్ల పోలికలో తేనె అయింది. మనిషి ఒక్కతే, మారింది అతని సంకల్పం. ప్రేమ గురించి మధ్యయుగపు కథలు చెప్పిన లోతైన మాటల్లో ఇది ఒకటని నా నమ్మకం. స్త్రీ అందం చూసేవాడి ఊహలో ఉందని తెలుసుకొని, ఆ ఊహనే తన బతుకు దిద్దుకొనే పనిముట్టుగా వాడుకొన్న ఆమె తెలివిని కవి గౌరవించాడు.

నాలుగోది చదివేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కలహకంటకుడనే ధూర్తుడు చిత్రపటంలో ఒక వర్తకుడి భార్యను చూసి ఉజ్జయినికి వెళ్తాడు. దూతిని పంపితే నితంబవతి ఆమెను చీవాట్లు పెట్టి పంపేస్తుంది. ఆమె కాదంది, ఆ కాదన్న మాట కథలో స్పష్టంగా ఉంది. అప్పుడతను సంతానం కలిగే ఉపాయమని నమ్మించి, రాత్రి తోటకు రప్పించి, ఆమె కాలి అందె లాక్కొని తొడ మీద కత్తిగాటు పెడతాడు. తర్వాత శ్మశానంలో శవాన్ని లాగుతున్న శాకినికి గాటు పెట్టి ఈ అందె తీసుకొన్నానని ఊరి పెద్దల ముందు చెబుతాడు. గాటు ఉంది, అందె ఉంది, ఊరు నమ్మింది, భర్త వెళ్ళగొట్టాడు. చచ్చిపోదామని శ్మశానానికి పోయినదాన్ని అతనే కాళ్ళ మీద పడి ఆపి ఒప్పిస్తాడు. ఆమెకు అప్పుడు ఇంకెక్కడా చోటు లేదు. దీన్ని ప్రజ్ఞకు ఉదాహరణగా చెప్పారు. ఆ సభలో ఆమెను పిలిచి, అమ్మా ఏం జరిగిందని ఒక్కరైనా అడిగి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యానాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేసి, వ్యవహారంలో సాక్షి మాట ఎలా వినాలో రాసినవాడు కూడా ఈ కేతనే. ఆ ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టుకొని ఈ కథ చదివితే, ఆమె విషయంలో ఏ న్యాయం జరగలేదో ఇంకా బాగా తెలుస్తుంది.

కాబట్టి ‘స్త్రీ హృదయం’ అన్న వాక్యం ఒక్కటే చూసి కేతనను తీసివేయవద్దు. నాలుగు కథలనూ ఒక వరుసలో పెట్టిన కారణంగానే, ఆ వాక్యాన్ని కాదనడానికి కావలసిన సాక్ష్యం కూడా ఆ పుస్తకంలోనే దొరుకుతోంది.

మన కావ్యాల సంగతి సరే, ఫ్రాన్సు దేశపు వీరుల కథల్లో స్త్రీని సింహాసనం మీద కూర్చోబెట్టి వీరుడు ఆమెకు దాసుడవుతాడు కదా. అక్కడి స్త్రీల స్థితి మెరుగైనదని అనవచ్చా? (ఒక ఇంజనీరు, ఒంగోలు)

కథలో స్థానం వేరు, ఇంట్లో స్థానం వేరు. 12వ శతాబ్దంలో క్రెటియన్ అనే కవి, మారీ ద షాంపేన్ అనే ప్రభువుల ఇంటి ఆడబిడ్డ ఇచ్చిన కథావస్తువుతో లాన్సెలాట్ కథ రాశాడు. ఎత్తుకుపోయిన రాణి గినివీర్‌ను వెతుకుతూ వెళ్ళే ఆ వీరుడికి ఒక బండి ఎదురవుతుంది. నేరస్థులను ఊరేగించే బండి అది. ఎక్కితే పరువు పోతుంది, ఎక్కకపోతే రాణి ఆచూకీ తెలియదు. అతను రెండు అడుగుల సేపు తటపటాయించి ఎక్కుతాడు. ఇన్ని కష్టాలు పడి వచ్చినవాడిని రాణి మొహం తిప్పుకొని పలకరించదు. ఆ రెండడుగులూ ఎందుకు ఆగావన్నది ఆమె అలక. ఇక్కడ స్త్రీకి చాలా గొప్ప అధికారం ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే ఆ అధికారం వీరుడి శౌర్యాన్ని పరీక్షించే గీటురాయిగా మాత్రమే ఉంది. ఆమె రాజ్యం ఏలదు, తన పెళ్ళి తాను నిర్ణయించుకోదు, ఆమెను ఎత్తుకుపోయినా విడిపించినా పురుషులే.

అదే కాలంలో మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన చిన్న కథ ఒకటి నాకు ఎక్కువ నిజంగా తోస్తుంది. పక్కింటి వీరుణ్ణి ప్రేమించిన ఇల్లాలు రాత్రిళ్ళు కిటికీ దగ్గర నిలబడుతుంది. ఎందుకని భర్త అడిగితే, నైటింగేల్ పిట్ట పాట వినడానికంటుంది. అతను ఆ పిట్టను పట్టించి, ఆమె ముందే మెడ విరిచి, ఆమె మీదకు విసురుతాడు. రొమ్ము మీద బట్టకు రక్తం అంటుతుంది. ఆమె ఆ చచ్చిన పిట్టను పట్టుగుడ్డలో చుట్టి, జరిగిందంతా ఆ గుడ్డ మీద బంగారుదారంతో కుట్టి ప్రియుడికి పంపుతుంది. నోటితో చెప్పుకోలేనిది సూదితో చెప్పుకొంది. ఏ సింహాసనం మీదా కూర్చోని స్త్రీ ఈమె, కానీ ఆమె పడిన నొప్పి ఆమె చేతిమీదుగానే మనకు చేరింది.

1405లో పారిస్‌లో క్రిస్టీన్ ద పిజాన్ స్త్రీల కోసం ఒక నగరాన్ని అక్షరాలతో కట్టింది. పాతికేళ్ళకే భర్త పోయి, పిల్లలను కలంతో పోషించుకొన్న ఆ విధవరాలు, స్త్రీలను దూషించిన పేరున్న కావ్యాలను ఎదిరించి, ఇవన్నీ రాసినది పురుషులే కదా అని అడిగింది. ఇంగ్లీషు కవి చాసర్ కథలో బాత్ పట్టణపు ఇల్లాలు కూడా, సింహం బొమ్మ గీసింది ఎవరని ప్రశ్నిస్తుంది. సింహాన్ని మనిషి చంపుతున్న బొమ్మలే లోకంలో ఉండటానికి కారణం, కుంచె సింహం చేతిలో లేకపోవడమని ఆమె భావం. మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

మరి మన వైపు ఆ కుంచె పట్టిన స్త్రీలు ఎవరు? (ఒక పాఠకుడు, అద్దంకి)

ఇద్దరి గురించి చెబుతాను. మొదటి ఆమె గంగాదేవి, విజయనగరపు బుక్కరాయల కుమారుడు కంపరాయల దేవేరి. 14వ శతాబ్దంలో భర్త మధురను (మదురైని) జయించిన కథను మధురావిజయమనే సంస్కృత కావ్యంగా రాసింది. మొదటి సర్గలో ఆమె స్తుతించిన కవులలో తిక్కన ఉన్నాడు. తిక్కన సూక్తి చంద్రుడి వెన్నెల లాంటిదనీ, దాహం గొన్న కవులు చకోరాలై దాన్ని తాగుతారనీ ఆమె అన్నది. పెన్న ఒడ్డు కవికి అంత అందమైన నివాళి ఇచ్చిన ఆమెను మన పిల్లలకు ఎందుకు పరిచయం చేయమో నాకు అర్థం కాదు. ఆ కావ్యంలోనే, సాయంకాలం వేళ రాజు ఆమె వైపు తిరిగి, ఈ చంద్రోదయాన్ని వర్ణించమని కోరతాడు. ఆమె వర్ణిస్తుంది, అతను వింటాడు. చంద్రుడితో పోల్చబడటానికే నాయికలు పుట్టిన సాహిత్యంలో, చంద్రుణ్ణి చూసి చెప్పే పని ఒక స్త్రీకి దక్కిన చోటు అది.

రెండో ఆమె ముద్దుపళని, 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె రాధికాసాంత్వనములో రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికి తానే ఇచ్చి పెళ్ళి చేసి, కొత్త పెళ్ళికూతురి మనసు ఎరిగి నడుచుకొమ్మని అతనికి బుద్ధులు చెప్పి, తర్వాత ఆ ఎడబాటు భరించలేక మండిపోతుంది. అప్పుడు కృష్ణుడు ఆమె అలక తీర్చాలి. కోరిక స్త్రీదిగా, కోపం స్త్రీదిగా, ఓదార్పు కోసం పురుషుడు వంగవలసిన విధంగా కావ్యమంతా నడుస్తుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాన్ని అసభ్యమన్నారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురిస్తూ, సిగ్గు ఆడవాళ్ళకేనా, శృంగారం రాసిన మగకవులకు వర్తించదా అని ఎదురు ప్రశ్న వేసింది. ఆంగ్ల ప్రభుత్వం ఆ ప్రతులను జప్తు చేసి నిషేధించింది. చాలా ఏళ్ళకు ఆ నిషేధం తొలగడానికి పూనుకొన్నవారు, ప్రకాశం జిల్లా ఎవరి పేరు పెట్టుకొందో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారు. వీరేశలింగంగారి మీద నాకున్న గౌరవం తగ్గలేదు. వితంతువుల కోసం ఆయన చేసినది చిన్నది కాదు. అయినా ఈ ఒక్క విషయంలో నేను నాగరత్నమ్మ వైపే నిలబడతాను.

మనుమరాలికి పదిహేనేళ్ళు. పాత తెలుగు నేర్పాలని కోరిక. ఇన్ని చిక్కులున్న శృంగారకావ్యాలతో మొదలుపెట్టాలంటే సంకోచంగా ఉంది. దేనితో ప్రారంభించమంటారు? (ఒక నాయనమ్మ, గూడూరు)

మన తిక్కన విరాటపర్వంతో ప్రారంభించండి, అందులోనూ కీచకుడి ఘట్టంతో. ప్రేమ పేరుతో వేధించేవాడిని ‘దుర్వారోద్యమ’ పద్యంతో హెచ్చరించిన ద్రౌపది, అతను సభలో అందరి ముందూ తన్నినప్పుడు న్యాయం అడుగుతుంది. విరాటరాజు పట్టించుకోడు. కంకుడి వేషంలో ఉన్న ధర్మరాజు, తన గుట్టు బయటపడుతుందన్న భయంతో, కులస్త్రీకి తగని నాట్యాలు సభలో చేయవద్దని ఆమెనే మందలిస్తాడు. అప్పుడు ఆమె ‘నాదు వల్లభుండు నటుఁ డింత నిక్కంబు’ అంటుంది. నిజమే, నా మొగుడు నటుడు, పెద్దవాళ్ళను చూసి చిన్నవాళ్ళు నేర్చుకొంటారు, జూదరి పెళ్ళానికి గౌరవం ఎక్కడిది అని, వేషం చెదరకుండా, ఆ సభలో తనవాళ్ళకే అర్థమయ్యేలా చెబుతుంది. ఆ పద్యానికి ముందుగా అర్థం చెప్పకండి. మీరు రెండుసార్లు గట్టిగా చదివి, ఈమె ఎవరితో మాట్లాడుతోందో చెప్పమని పిల్లనే అడగండి.